కౌన్సెలర్ కావాలంటే ఏ కాలేజీలో చేరాలి?

ప్రశ్న: మేడం, మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. రెండేళ్ల కింద నల్లగొండలో బీజడ్‌సీ గ్రూపుతో బీఎస్సీ పూర్తి చేశాను. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెప్తూ, అక్కడి హాస్టల్లోనే ఉంటున్నాను. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పిల్లలు నా దగ్గరికి వచ్చి వాళ్ల బాధలు చెప్పుకుంటారు. పాఠం చెప్పడం కన్నా నాకు అదే బాగుంటుంది. అందుకే కౌన్సెలింగ్ సైకాలజీలో పీజీ చేయాలనుకుంటున్నాను. నాకు నాలుగు దార్లు కనబడుతున్నాయి. ఉస్మానియాలో ఎంఏ ఒకటి. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కౌన్సెలింగ్ సైకాలజీ, రెండేళ్లకు ఐదు లక్షల పైనే అవుతుందట. ఉద్యోగం మానకుండా దూరవిద్యలో ఎంఏ. లేదా ఆరు నెలల ఆన్‌లైన్ డిప్లొమా, అది చేస్తే ‘సర్టిఫైడ్ సైకాలజిస్ట్’ అని సర్టిఫికెట్ ఇస్తారట. డాలస్‌లో ఉన్న మా మేనమామ కొడుకు అమెరికాకే రమ్మంటాడు. నాయిన మాత్రం బీఈడీ చేయమంటున్నాడు. ‘పిచ్చోళ్ల చదువు చదివితే సంబంధాలు రావు’ అంటాడు. ఇంకొక మాట. ఎదుటివాళ్లు ఏడిస్తే నాకూ ఏడుపు ఆగదు. నేను ఈ పనికి పనికొస్తానా?
– పేరు వద్దు, నల్లగొండ జిల్లా

జవాబు: నాలుగు దార్లలో రెండింటిని ఇప్పుడే కొట్టేద్దాం బిడ్డా, సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందు దూరవిద్య. ఆ తలుపు మూసేశారు. సైకాలజీతో పాటు ఆరోగ్యానికి సంబంధించిన కొన్ని సబ్జెక్టుల్లో దూరవిద్య, ఆన్‌లైన్ ప్రవేశాలు 2025 జులై-ఆగస్టులో మొదలయ్యే విద్యా సంవత్సరం నుంచి ఆపేయాలని యూజీసీ యూనివర్సిటీలకు చెప్పింది. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల కోసం కేంద్రం ఒక చట్టం తెచ్చింది. సైకాలజిస్టులు దాని కిందికి వచ్చారు, అందుకే ఈ కట్టడి. పిల్లల్ని వదిలి వెళ్లలేని ఆడవాళ్లు, ఉద్యోగం మానితే ఇల్లు గడవనివాళ్లు ఎంతోమంది దూరవిద్యలోనే చదువుకున్నారు, వాళ్లను తలచుకుంటే నాకు బాధే. అయినా ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి ‘సైకాలజీ డిస్టెన్స్ సీట్లు ఇంకా ఉన్నాయి’ అంటే రూపాయి కట్టకు.

రెండోది ఆరు నెలల డిప్లొమా. ‘సర్టిఫైడ్ సైకాలజిస్ట్’ అనే హోదా మన చట్టాల్లో ఎక్కడా లేదు. ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అనేది ఉంది. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరు ఉండాలి. పేరు లేకుండా ఆ ప్రాక్టీసు చేస్తే 1992 నాటి చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. వెయ్యి రూపాయలంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కానీ జైలు మాట నవ్వేది కాదు. ఎంఏ అయ్యాక ఏదో ఒక పద్ధతి లోతుగా నేర్చుకోవడానికి చిన్న కోర్సు చేస్తే తప్పు లేదు. డిగ్రీ మీద నేరుగా అది ఒక్కటే చేసి బోర్డు పెట్టుకోవడం మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర ‘కౌన్సెలింగ్’ అన్న మాటకు రెండు అర్థాలు స్థిరపడిపోయాయి. ఒకటి ఎంసెట్ కౌన్సెలింగ్, అంటే సీటు. రెండోది పోలీసు కౌన్సెలింగ్, అంటే తాగి బండి నడిపినవాణ్ని, ఆకతాయి పిల్లల్ని కూర్చోబెట్టి తల్లిదండ్రుల ముందు చీవాట్లు పెట్టడం. నువ్వు చదవబోయేది ఈ రెండూ కాదు. కానీ మంచి కాలేజీ దొరకకపోతే రెండేళ్లు చదివి కూడా ఆ రెండో రకం కౌన్సెలరే అవుతావు. నేను అయ్యాను కాబట్టి చెప్తున్నాను.

నేను చదివిన చోట ప్రాక్టికల్స్ అంటే తెలివితేటల పరీక్షలు, వ్యక్తిత్వ పరీక్షలు మాలో మేమే ఒకరి మీద ఒకరం చేసుకుని రికార్డు రాయడమే. పరీక్షకు ముందు రోజు సీనియర్ రికార్డు తెచ్చుకుని కాపీ కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. బాధలో ఉన్న మనిషి ఎదురుగా కూర్చోవడం రెండేళ్లలో ఒక్కసారి కూడా జరగలేదు. మార్కులు మాత్రం ఫస్ట్ క్లాస్. బయటికొచ్చాక నా దగ్గరికి వచ్చిన మొదటి పిల్లవాడు ఇంటర్ సెకండియర్. చదువు మీద ధ్యాస లేదని వాళ్లమ్మ తీసుకొచ్చింది. పది నిమిషాల్లో నేను టైంటేబుల్ గీసి, పొద్దున ఎన్ని గంటలకు లేవాలో, సెల్‌ఫోన్ ఎక్కడ పెట్టాలో అన్నీ రాసిచ్చాను. తల్లి సంతోషపడింది. పిల్లవాడు మళ్లీ రాలేదు. ఆర్నెల్ల తర్వాత నల్లగొండ బస్టాండ్‌లో ఆమే కనబడి, ‘మీరు మంచిగనే చెప్పిన్రు మేడం, కానీ వాడు చెప్పుకుందామనుకున్నది మీరు అడగనే లేదంట’ అన్నది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ తర్వాత ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. క్లయింటు ఒప్పుకుంటే సంభాషణ రికార్డు చేసి, మాట మాటా కాగితం మీద రాసి తీసుకెళ్లాలి. ఆమె ఎర్ర పెన్నుతో నా ప్రశ్నల పక్కన రాసేది: ‘ఇది అతని కోసం అడిగావా, నీ ఆత్రం తీరడానికి అడిగావా?’ మొదటి కాగితం నిండా ఎర్ర సిరానే. కౌన్సెలింగ్ నాకు అక్కడ వచ్చింది, క్లాసురూములో కాదు. దీన్నే సూపర్‌విజన్ అంటారు.

కాబట్టి ఏ కాలేజీ అయినా సరే, నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు గురించో ప్లేస్‌మెంట్ గురించో కాదు. రెండేళ్లలో నన్ను ఎన్ని గంటలు నిజమైన మనుషుల ముందు కూర్చోబెడతారు? ఆ గంటల తర్వాత నా తప్పులు చూసేది ఎవరు? ఆ చూసేవాళ్లు తాము కూడా క్లయింట్లను చూస్తున్నవాళ్లేనా, లేక పాఠాలు మాత్రమే చెప్తారా? ఇంటర్న్‌షిప్ వాళ్లే చూపిస్తారా, లేక ‘మీరే ఎక్కడైనా చేసి లెటర్ తెచ్చుకోండి’ అంటారా? ఈ చివరి మాట వినబడితే జాగ్రత్తపడు. లెటర్ తెచ్చుకోవడం చాలా సులువు, మన ఊళ్లల్లో తెలిసిన డాక్టరు ఒకరు ఉంటే చాలు.

గంటలకు ఒక కొలత కావాలంటే మీ బావ ఉన్న అమెరికా సంగతే చూద్దాం. అక్కడ ‘కౌన్సెలింగ్ సైకాలజీ’ అన్న పేరు ఎక్కువగా డాక్టరేట్ చదువుకు వాడతారు. ప్రాక్టీసు చేసే కౌన్సెలర్ కావాలంటే మాస్టర్స్‌లో ‘క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్’ అనే కోర్సు చూడాలి. దానికి కేక్రెప్ అనే సంస్థ గుర్తింపు ఉందా లేదా అన్నది ముఖ్యం. ఆ గుర్తింపు ఉన్న కోర్సులో 60 క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్, అంటే మొదటి మెట్టు ప్రాక్టీసు, ఆపైన 600 గంటల ఇంటర్న్‌షిప్, అందులో కనీసం 240 గంటలు నేరుగా క్లయింట్లతోనే. డిగ్రీ వచ్చినా లైసెన్సు రాదు. డాలస్ ఉన్న టెక్సస్‌లో అయితే డిగ్రీ తర్వాత ఒకరి పర్యవేక్షణలో ఇంకో 3,000 గంటలు పనిచేయాలి. కంప్యూటర్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరినట్టు ఉండదని మీ బావకు ఇదే చెప్పు. పైగా అక్కడి లైసెన్సు రాష్ట్రానికి రాష్ట్రానికి వేరు. అప్పు చేసి ఇప్పుడే వెళ్లమని నేను చెప్పను. కానీ ఆ 600 అంకెను మాత్రం గుర్తుపెట్టుకో. ఇక్కడ ఏ కాలేజీ వాళ్లయినా ‘మా దగ్గర ప్రాక్టికల్ ఎక్స్‌పోజర్ బాగుంటుంది’ అంటే ‘ఎన్ని గంటలండీ?’ అని అడగడానికి పనికొస్తుంది. అంకె చెప్పలేనివాళ్ల దగ్గర గంటలు ఉండవు.

ఇక మిగిలినవి ఉస్మానియా, బెంగళూరు. బెంగళూరు కాలేజీ పేరు నువ్వు రాయలేదు, రాసినా నేను ఇక్కడ మంచీ చెడూ చెప్పేదాన్ని కాదు. అక్కడ కౌన్సెలింగ్ మీద మంచి కోర్సులు నడుస్తున్న మాట నిజం. అయితే కోర్సు పేరులో ‘కౌన్సెలింగ్’ ఉన్నంత మాత్రాన కౌన్సెలింగ్ ఎక్కువ నేర్పుతారని అనుకోకు. రెండేళ్ల సిలబస్ తెప్పించుకుని చూడు. మన పిల్లలు బ్రోషర్ చూస్తారు గానీ సిలబస్ చూడరు. డిగ్రీ సర్టిఫికెట్ మీద ‘సైకాలజీ’ అన్న మాట స్పష్టంగా ఉంటుందా అన్నది కూడా కనుక్కో. ఉద్యోగ నోటిఫికేషన్లలో ‘సైకాలజీలో పీజీ’ అని రాస్తారు, తర్వాత ఈక్వలెన్స్ సర్టిఫికెట్ కోసం తిరగడం నీ వల్ల కాదు. ఇంకోటి, నువ్వు డిగ్రీలో సైకాలజీ చదవలేదు. కొన్ని చోట్ల ఏ డిగ్రీ అయినా చాలంటారు, కొన్ని చోట్ల డిగ్రీలో సైకాలజీ ఉండి తీరాలంటారు. అప్లికేషన్ ఫీజు కట్టకముందే ఆ వాక్యం చదువు.

బెంగళూరు మీద నాకున్న అసలు అనుమానం మాత్రం భాష. మన దగ్గర మనిషికి మనసు బాగాలేకపోతే డిప్రెషన్ అనడు. ‘రంది పెట్టుకున్నడు’ అంటారు. ‘మనసున పడ్తలేదు’, ‘పానం గాబర గాబర అయితంది’, ‘తలకాయల ఏదో బరువు’, ‘గాలి సోకినట్టుంది’ అంటారు. రంది అన్న మాట ఏ సైకాలజీ పుస్తకంలోనూ ఉండదు, కానీ ఆ ఒక్క మాటలో దిగులు, ఆలోచన, నిద్రలేమి, తిండి సయించకపోవడం అన్నీ ఉన్నాయి. చదువు ఇంగ్లీషులోనే ఉంటుంది, తప్పదు. కానీ ప్రాక్టీసు కూడా రెండేళ్లూ ఇంగ్లీషు మాట్లాడే పట్నం పిల్లలతోనే చేస్తే, మళ్లీ దేవరకొండకు వచ్చి ఒక అవ్వ ముందు కూర్చున్నప్పుడు నీకు నోరు పెగలదు. ఈ మాట తేలిగ్గా తీసుకోకు.

మన జిల్లాల బాధలు కూడా పుస్తకాల్లో దొరకవు. తల్లిదండ్రులు పుణెకో బొంబాయికో వలసపోతే నాయనమ్మ దగ్గర పెరిగే నారాయణపేట, మక్తల్ వైపు పిల్లలు ఉన్నారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడుతో కాళ్లు వంకర పోయి నలుగురిలోకి రావడానికే ఇష్టపడనివాళ్లు ఉన్నారు. కల్తీ కల్లు సంగతి చెప్పాలా? అందులో కలిపేది ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులు. రోజూ తాగే మనిషికి ఒక్కసారి అది దొరక్కపోతే చేతులు వణుకుతాయి, సంబంధం లేని మాటలు మాట్లాడతాడు, ఫిట్స్ వస్తాయి. ఇంట్లోవాళ్లు దయ్యం అనుకుంటారు. తెలియని కౌన్సెలర్ అయితే కూర్చోబెట్టి మాటలు చెప్తుంది. అతన్ని ఆ గంటే ఆసుపత్రికి పంపాలి. ఏది నా పని, ఏది సైకియాట్రిస్టు పని అన్న గీత ఎక్కడ గీయాలో నేర్పేది ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్సే. మనకు ఎర్రగడ్డ అంటే ఊరి పేరు కాదు, తిట్టు. కానీ అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో కొన్ని వారాలైనా కూర్చునే అవకాశం ఇప్పించే కాలేజీకి నేను రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

అందుకని నా ఓటు ఉస్మానియాకు. అక్కడ అన్నీ బాగుంటాయని కాదు. కౌన్సెలింగ్ ఒక్కటే నేర్పే కోర్సు కాదది, సైకాలజీ మొత్తం నేర్పే ఎంఏ. థియరీ ఎక్కువే ఉంటుంది. అయితే ఫీజు నీకు అందుబాటులో ఉంటుంది, అర్హత ఉంటే ప్రభుత్వ ఈపాస్ వెబ్‌సైట్‌లో స్కాలర్‌షిప్‌కు పెట్టుకోవచ్చు, మిగిలిన డబ్బు, సమయం సూపర్‌విజన్ మీద పెట్టుకోవచ్చు. ఐదు లక్షలు ఒకేచోట పోసే బదులు రెండో ఏడాది నుంచి మంచి ప్రాక్టీసు ఉన్న కౌన్సెలర్ దగ్గర నెలకు రెండుసార్లు కూర్చోవడానికి కొంత ఖర్చు పెట్టు. బెంగళూరు వాళ్లు పైన చెప్పిన ప్రశ్నలకు అంకెలతో సహా జవాబు ఇచ్చి, తెలుగువాళ్లతో పనిచేసే అవకాశం కూడా చూపిస్తే అప్పుడు నా మాట పక్కన పెట్టు.

ఉస్మానియాలో సీటు రావాలంటే సీపీగెట్ రాయాలి. ఆ పరీక్ష ఉస్మానియా నిర్వహిస్తుంది గానీ మన నల్లగొండ మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలతో సహా రాష్ట్రంలోని చాలా యూనివర్సిటీల పీజీ సీట్లకూ అదే. నోటిఫికేషన్ ఎండాకాలంలో చూస్తూ ఉండు. ముంబైలోని టిస్‌లో, అంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో, క్లినికల్, కౌన్సెలింగ్ ప్రాక్టీసు మీద నడిచే అప్లైడ్ సైకాలజీ ఎంఏ కూడా మంచిదే. దానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ దరఖాస్తులు చలికాలంలోనే వచ్చిపోతాయి, పరీక్ష మార్చిలో ఉంటుంది. మన పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. సీపీగెట్‌తో పాటే వస్తుందని ఆగితే ఏడాది పోయినట్టే.

ఎప్పటికైనా క్లినికల్ సైకాలజిస్ట్ కావాలన్న ఆలోచన ఉంటే ఇది చదువు. ఎంఏతో ఆ పేరు రాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పీజీ తర్వాత ఆసుపత్రి శిక్షణతో కూడిన రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ గానీ, ఆర్‌సీఐ గుర్తించిన అర్హత గానీ ఉండాలి. ఎంఫిల్ అనే డిగ్రీనే దేశమంతా ఎత్తేశారు, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా వెసులుబాటు ఇచ్చారు. కాబట్టి ఆ దారి నీ ఎంఏ అయ్యేలోపు మారి ఉంటుంది. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న సంస్థల జాబితా ఉంటుంది. ఎవరు ఏం చెప్పినా అందులో పేరు ఉందో లేదో చూసి నమ్ము. నీ ఉత్తరం చదివితే మాత్రం నీకు కావాల్సింది హాస్టల్ పిల్లలతో పని అనిపించింది. దానికి కౌన్సెలర్ దారి చాలు.

ఒక మాట మధ్యలో చెప్పాలి, మళ్లీ మర్చిపోతాను. ఆ పిల్లలు రాత్రి నీతో చెప్పుకునేటప్పుడు ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకు. ఎవరైనా తమ మీద లైంగికంగా చేయి వేశారని పిల్ల చెప్తే పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం ప్రకారం నీ బాధ్యత, దాచితే అది నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు. చచ్చిపోవాలని ఉందని ఎవరైనా అంటే రాత్రంతా ఒక్కదానివే మోయకు. ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా హెడ్మాస్టర్‌కు, ఇంట్లోవాళ్లకు చెప్పు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

నాయిన సంగతి. ఆయన భయం పెళ్లి గురించి మాత్రమే అనుకోకు, ఉద్యోగం గురించి కూడా. ఆ భయంలో కొంత న్యాయం ఉంది. ప్రభుత్వంలో కౌన్సెలర్ పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువి, ఔట్‌సోర్సింగ్‌వి. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాలు, హెచ్ఐవీ పరీక్షా కేంద్రాలు, పిల్లల రక్షణ విభాగాలు ఇట్లాంటి చోట్ల ఉంటాయి, వాటికి ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేసినవాళ్లూ పోటీకి వస్తారు. నీకు సైకాలజీలో సీటు రాకపోతే ఎంఎస్‌డబ్ల్యూ గురించి నామోషీ లేకుండా ఆలోచించు. ఇక స్కూళ్లు, కాలేజీలు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని చనిపోయిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని అందులో ఉంది. రాసిందంతా రేపే అమలైపోతుందని నేను అనను. సగం స్కూళ్లు డ్రిల్ సార్‌నే కౌన్సెలర్ అని రిజిస్టర్‌లో రాస్తాయని నా అనుమానం. అయినా సైన్స్ టీచర్‌గా రెండేళ్ల అనుభవం, పక్కన సైకాలజీ పీజీ ఉన్న మనిషిని అడిగే రోజులు వస్తున్నాయి. నాయినతో ‘బీఈడీ చేయను’ అనకు. ‘ముందు పీజీ, తర్వాత బీఈడీ’ అను. రెండూ ఉంటే స్కూల్లో నీకు బలమే, అబద్ధం చెప్పినట్టూ కాదు. పిచ్చోళ్ల చదువు అన్న మాటకు మాత్రం వాదన పెట్టుకోవద్దు. ఒక ఆదివారం నీ దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒకరి కథ, పేరూ ఊరూ లేకుండా ఆయనకు చెప్పు. నాయిన కూడా చిన్నప్పుడు హాస్టల్లో ఉండే ఉంటాడు.

ఫామ్ నింపే ముందు ఒక పనిదినాన సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లు. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కు, ఆధార్ కార్డు ఉంటే ఆడవాళ్లకు ఛార్జీ కూడా లేదు. ఆఫీసులో అడిగితే బ్రోషర్ ఇస్తారు. నువ్వు క్యాంటీన్ దగ్గర ఎంఏ రెండో సంవత్సరం పిల్లల్ని పట్టుకుని, పోయిన నెలలో ఎంతమంది క్లయింట్లతో మాట్లాడారో, ఎక్కడ మాట్లాడారో అడుగు. రెండో సంవత్సరం వాళ్లే. మొదటి సంవత్సరం వాళ్లకు ఇంకా అన్నీ బాగానే కనబడతాయి.

చివరిగా నీ ఏడుపు. కొన్నేళ్ల కింద నా దగ్గరికి ఒక అవ్వ వచ్చింది. కొడుకు బొంబాయిలో బిల్డింగ్ పని చేస్తూ పైనుంచి పడి పోయాడు. ఆమె చెప్తుంటే నా కళ్లు నిండాయి, ఆపుకోలేకపోయాను. ఆమె చెప్పడం ఆపేసి, నా చేయి పట్టుకుని ‘ఏడ్వకు బిడ్డా, ఏం జేస్తం’ అని నన్ను ఓదార్చింది. ఇంక ఆ రోజు కొడుకు మాట ఎత్తలేదు. నా ఏడుపు ఆమెను నొప్పించలేదు, కానీ ఆమె చెప్పుకోవాల్సిన గంట నాకు ఖర్చయిపోయింది. ఎర్ర పెన్ను ఆవిడకు చెప్తే తిట్టలేదు. ‘అప్పుడు నీకు ఎవరు గుర్తొచ్చారు?’ అని అడిగింది. మా నాన్న. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు, నేను ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఆ తర్వాత నేనే ఇంకొక కౌన్సెలర్ దగ్గరికి కొన్ని వారాలు వెళ్లాను. అవ్వ మళ్లీ వచ్చినప్పుడు నా కళ్లు చెమర్చాయి గానీ ఆమె ఆగకుండా చెప్పింది, నేను విన్నాను.

కొన్ని కాలేజీల్లో ఇంటర్వ్యూ ఉంటుంది, ‘ఈ కోర్సు ఎందుకు?’ అని ఒక పేజీ రాయమని కూడా అడుగుతారు. అక్కడ ‘సమాజ సేవ’ అని రాయకు, అందరూ అదే రాస్తారు. ఏ పిల్ల మాట విన్నాక నీకు ఆ రాత్రి నిద్ర పట్టలేదో, అప్పుడు నువ్వేం చేశావో, ఏం చేయడం తెలియలేదో రాయి. ఏడ్చిన సంగతి కూడా దాచకు.